ఎగుమతి మోకాళ్ళు

ఆ పేటలో టైల్స్ మేస్త్రి అంటే ఒక్కడే. మిగతావాళ్ళు కూడా టైల్స్ పరుస్తారు, కాదనను. కానీ వాళ్ళు పరిచిన స్నానాలగదుల్లో నీళ్ళు ఎటు పోవాలో తోచక మధ్యలో నిలబడి దిక్కులు చూస్తుంటాయి. మన మేస్త్రి వాటం పెట్టాడంటే మాత్రం బుద్ధిగా తూము దారి పట్టాల్సిందే. వాటం అంటే నేలకి కనీకనిపించకుండా ఇచ్చే వాలు. రసమట్టం పెట్టి చూసుకునేవాళ్ళు చూసుకుంటారు. మేస్త్రి మాత్రం ఎడమ మోకాలు మోపి, చెంప నేలకి ఆనించి, ఒక కన్ను మూసి చూసేవాడు. చూసి "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" పడిందంటే ఇక ఇంటివాళ్ళు చెంబుతో నీళ్ళు పోసుకుని మురిసిపోవడమే తరువాయి.

ఇంత పేరున్న మనిషి సొంత వంటింట్లో నీళ్ళు తూముకి పోవు. ఆ నేల వాళ్ళు ఇల్లు కొన్న నాటికే అలా ఉంది. వేసిన మహానుభావుడెవడో గానీ తూము ఒక మూల పెట్టి, వాలు ఇంకో మూలకి ఇచ్చాడు. గిన్నెలు కడిగిన నీళ్ళన్నీ వచ్చి పొయ్యి గట్టు కింద చేరేవి. మేస్త్రి భార్య ఒక చెక్క పలక వేసుకుని దానిమీద నిలబడి వంట చేసేది. ఒకసారి పలక దిగి గిన్నె అందుకోబోయి జారిపడింది. నడుము పట్టేసి చాలా రోజులు మంచం దిగలేదు. లేచాక మొగుణ్ణి ఒక్కటే అడిగింది.

"ఊళ్ళో అందరిళ్ళల్లో నీళ్ళు మీ మాట వింటాయి. నేనేం పాపం చేశానండీ? నా వంటింట్లో నీళ్ళు తూములోకి పోవడం కళ్ళారా చూడాలి నేను. ఇంకేం అడగను."

"చేతిలో ఉన్న పని అవగానే మనదే" అన్నాడు మేస్త్రి.

చేతిలో పని అయ్యేలోపు ఇంకో పని వచ్చిపడేది. అయినా ఆవిడ పట్టు వదల్లేదు. కొట్టుకి తనే వెళ్ళి కాలు జారని గరుకు టైల్స్, బూడిదరంగువి, ఏరి తెచ్చుకుంది. పెట్టెలన్నీ ముందుగదిలో గోడవారగా దొంతర పెట్టించింది. పక్కన ఒక సిమెంటు బస్తా కూడా వేయించింది. వచ్చేపోయేవాళ్ళకి అదొక ముచ్చటగా ఉండేది.

సరిగ్గా అప్పుడే ప్యాంట్ల కంపెనీ ఊళ్ళోకి దిగింది.

ఇక్కడ కుట్టిన జీన్స్ ప్యాంట్లు ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోతాయి. అందులో వింత లేదు. వింతేమిటంటే, అక్కడ కొనుక్కునేవాళ్ళకి కొత్త ప్యాంటు కొత్తగా ఉంటే నచ్చదట. మోకాలి దగ్గర అరిగి ఉండాలి, జేబు దగ్గర వెలిసి ఉండాలి, అంచు పీచులు తేలి ఉండాలి. మొదట్లో యంత్రాలతో రుద్ది పంపించారు. అలా రుద్దిన మోకాలు మోకాలే కాదని అక్కడి రసికులు కనిపెట్టేశారు. మనిషన్నవాడు నిజంగా ఒళ్ళొంచి, నెలల తరబడి తొడుక్కుని పనిచేస్తేనే ఆ అరుగుదలకి విలువట. పాపం, వాళ్ళకేమో ఒళ్ళొంచే పని దొరకదు. ఆ పని పుష్కలంగా దొరికే చోటు వెతుక్కుంటూ వచ్చి మన పేటలో పడ్డారు.

కంపెనీ తరఫున మనుషుల్ని ఏరడానికి ఒక సూపర్‌వైజరు వచ్చాడు. సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, చేతిలో ఎప్పుడూ ఒక భూతద్దంతో ఉండేవాడు. అందరూ అతన్ని భూతద్దమనే పిలిచేవారు. మేస్త్రి ఎవరింట్లోనో మోకాళ్ళ మీద ఉండగా వచ్చి, వెనకనుంచి వంగి, ఆ అద్దంలోంచి చాలాసేపు చూశాడు.

"బాగుంది" అన్నాడు.

"వాటం ఇంకా పెట్టలేదండీ" అన్నాడు మేస్త్రి.

"నేల సంగతి కాదయ్యా. నీ మోకాలి సంగతి."

బేరం కుదిరింది. ప్యాంటు వాళ్ళే ఇస్తారు. రోజూ తొడుక్కుని మామూలుగా పనిచేసుకోవాలి. అందుకు జీతం. ఉతక్కూడదు, కుట్టకూడదు, తమ్ముడికో బావమరిదికో ఇవ్వకూడదు. వెనక జేబులో పర్సు అచ్చు పడాలి గనక పర్సు కూడా కంపెనీదే. మేస్త్రి సొంత పర్సు పెట్టి చూశారు గానీ అది ఉన్నట్టే తెలియలేదు. కంపెనీ పర్సులో దళసరి అట్టముక్కలు కూరి ఉన్నాయి. ముందు జేబులోకి ఒక చెక్కముక్క ఇచ్చారు.

"ఇదెందుకు సార్?"

"ఫోను అచ్చు పడాలి."

"ఫోనుందిగా నాకు."

"నీది చిన్నది. దాని అచ్చు ఎవరిక్కావాలి?"

అట్టల పర్సు, చెక్క ఫోను వేసుకుని మేస్త్రి పనికి పోతుంటే పేటంతా ముక్కున వేలేసుకుంది. తర్వాత వాళ్ళూ ఒక్కొక్కరే చేరారు. లారీ డ్రైవరుని వెనకభాగం కోసం తీసుకున్నారు. గుమస్తాని కూడా అందుకే తీసుకుని, కుర్చీ రాపిడికి మెరుపు ఎక్కువగా వస్తోందని మానిపించారు. మేస్త్రి మొదటి ప్యాంటు మాత్రం ఓడ దిగగానే అక్కడ గగ్గోలు పుట్టించింది. కుడి మోకాలి కంటే ఎడమ మోకాలు కాస్త కిందికి, కాస్త పక్కకి అరిగిందట. అంత నిజమైన మోకాలు తామెన్నడూ చూడలేదని, ఆ దేశంలో కొనుగోలు చూసే దొరసాని కబురు పెట్టింది. భూతద్దం ఆయాసపడుతూ వచ్చాడు. అతని నోట "మేస్త్రి గారూ" అన్న మాట అప్పుడే మొదటిసారి వినబడింది.

రెండో ప్యాంటుకి పేచీ వచ్చింది. కొన్నవాళ్ళకి సిమెంటు దురద పెట్టిందట.

"మోకాలు కావాలి, సిమెంటు వద్దు" అన్నాడు భూతద్దం.

"సిమెంటు లేకుండా టైల్స్ ఎలా పరుస్తారండీ?"

"పరిచినట్టు చెయ్యండి. పరిచాక తీసెయ్యండి. తీసేశాక మళ్ళీ మొదలెట్టండి."

"మరి నేల?"

"నేలతో మాకేం పని? మాకు కావాల్సింది మోకాళ్ళు."

అలా మేస్త్రి కంపెనీ షెడ్డులో చేరాడు. గచ్చు మీద సుద్దతో గీసిన గళ్ళలో పొద్దున్న టైల్స్ పేర్చేవాడు, రబ్బరు సుత్తితో టక్ టక్ మని కొట్టేవాడు, చివరికొచ్చాక అన్నీ ఎత్తి మళ్ళీ మొదటి గడిలో మొదలుపెట్టేవాడు. అటుపక్క తోటమాలి ఖాళీ తొట్టెలో తవ్వుతుండేవాడు. మట్టి మరకలూ వద్దన్నారు మరి. ఇటుపక్క లారీ డ్రైవరు, లారీ లేని సీటులో కూర్చుని స్టీరింగు తిప్పుతుండేవాడు. సీటు కింద ఒక మోటారు గతుకుల రోడ్డులా ఎగరేసేది. మొదట్లో డ్రైవరు నోటితో హారను కొట్టేవాడు గానీ, అది ప్యాంటుకి పనికిరాదని మానిపించారు.

మేస్త్రి కూడా మొదట్లో అలవాటుకొద్దీ చెంప నేలకి ఆనించి, ఒక కన్ను మూసి చూసేవాడు. "అలా పడుకుంటే మోకాలి మీద బరువు తగ్గుతోంది" అన్నాడు భూతద్దం. మేస్త్రి చూడ్డం మానేశాడు. చూడ్డానికి అక్కడేముంది గనక? నీళ్ళా, తూమా? "ఊఁ" అనడమూ మానేశాడు. బయట ఎవరైనా పాత పరిచయంకొద్దీ వచ్చి స్నానాలగది చేసిపెట్టమంటే, ప్యాంటు తడవకూడదని చెప్పి పంపించేవాడు. జీతం మాత్రం నిజంగా నేల వేసిన రోజుల్లో కంటే బాగుంది. నిజం పనికంటే ఉత్తుత్తి పనికి ఎక్కువ ఇవ్వడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అర్థమైనవాళ్ళు షెడ్డు పెట్టుకుంటారు కాబోలు.

ఇంట్లో ఆవిడ మాత్రం చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతూనే ఉంది. "ఆదివారం చేద్దాం" అనేవాడు మేస్త్రి. ఆదివారం వస్తే మోకాళ్ళు వాచి మంచం దిగలేకపోయేవాడు.

అలాంటి ఒక ఆదివారం అతను ఆదమరిచి నిద్రపోతుంటే, కుర్చీ మీద వేలాడుతున్న ప్యాంటు ఆవిడ కంటపడింది. ఎడమ మోకాలి దగ్గర ఇంత చిరుగు. పెళ్ళాం బతికుండగా మొగుడు ఇలాంటిది తొడుక్కుని నలుగురిలో తిరగడమా అని ఆవిడ ప్రాణం ఉసూరుమంది. శుభ్రంగా ఉతికి, ఎండలో ఆరేసి, లోపల వేరే గుడ్డ పెట్టి నాజూగ్గా కుట్టేసింది. నిద్రలేచిన మేస్త్రి అది చూసి కళ్ళు తేలేశాడు.

మర్నాడు భూతద్దం నెత్తి బాదుకున్నాడు. ఎన్నో నెలల మోకాలు సబ్బునీళ్ళలో కలిసిపోయిందని ఏడుపొక్కటే తక్కువ. సాక్ష్యం కోసం ఫొటో తీసి దొరసానికి పంపించాడు. ఆ దొరసాని, ఏ లోకంలో ఉంటుందో మహాతల్లి, ఫొటో చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుందట. ఇది చిరుగు కాదు, ప్రేమ అందట. ఇలాంటి ప్రేమ నెలకి ఎన్ని ప్యాంట్లకి దొరుకుతుందో కనుక్కోమందట.

అలా ఆవిడా షెడ్డులో చేరింది. మొగుడు చింపితే పెళ్ళాం కుట్టాలి. మొదటిరోజే పేచీ.

"మీ కుట్లు మరీ తిన్నగా ఉన్నాయమ్మా. కొంచెం వంకరగా రావాలి. ప్రేమ కనిపించాలి" అన్నాడు భూతద్దం.

"ప్రేమ ఉంటే వంకరగా ఎందుకు కుడతానండీ?" అంది ఆవిడ.

భూతద్దం వంకరకుట్లకి వేరే జీతమన్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుని కుట్టడం నేర్చుకుంది.

రెండు జీతాలొచ్చేసరికి ఇంట్లోకి వస్తువులూ వచ్చాయి. ముందుగదిలో టైల్స్ పెట్టెల మీద గోడంత టీవీ ఎక్కింది. వంటింట్లోకి అంట్లు తోమే యంత్రం వచ్చింది. తోమిన నీళ్ళు అది కూడా పొయ్యి గట్టు కిందికే వదిలేది, కాకపోతే బిందెలకొద్దీ. ఆవిడ పలక కింద ఇంకో పలక వేసుకుంది. వాయిదాల మీద కొన్న అంత ఖరీదైన యంత్రం పక్కన, రెండు పలకల మీద తూలుకుంటూ వంట చేస్తున్న పెళ్ళాన్ని చూస్తే మేస్త్రికి సిగ్గేసేది. సిగ్గుపడి షెడ్డుకి పోయేవాడు.

ఒకసారి వాళ్ళ కూతురు ఇద్దర్నీ పెద్దబజారులోని కొత్త మాల్‌కి తీసుకెళ్ళింది. అక్కడొక గాజుపెట్టెలో, దీపాల వెలుగులో, ఒక ప్యాంటు వేలాడుతోంది. ఇక్కడ పుట్టి, ఓడెక్కి అంతదూరం పోయి, అక్కడినుంచి దొరల సరుకై తిరిగొచ్చిందన్నమాట. ఆవిడ టక్కున ఆగిపోయింది.

"ఏమండీ, మీ మోకాలు."

మేస్త్రి చూశాడు. తనదే. మోకాలి మీద వంకరకుట్లు ఆవిడవే. కూతురు దానికి కట్టిన చీటీ చదివింది. "నిజమైన శ్రమ, నిజమైన ప్రేమ. ఉతకరాదు" అని ఉంది. దానిమీద తాపీ తలకిందులుగా పట్టుకున్న సినిమా హీరోలాంటి కుర్రాడి ఫొటో ఉంది. ఆవిడ గాజు తలుపు తీసి కుట్టు మీద వేలు పెట్టబోయింది.

"ముట్టుకోకండి మేడమ్. చేతిపని" అన్నాడు కొట్టువాడు.

ఇంటికొచ్చాక ఆవిడ తిన్నగా వంటింట్లోకి పోయి, మరుగుతున్న నీళ్ళ గిన్నె దింపబోయింది. పై పలక జారింది. గిన్నె అటు, ఆవిడ ఇటు పడ్డారు. వెంట్రుకవాసిలో కాళ్ళు కాలకుండా తప్పించుకుంది. మేస్త్రి పరుగెత్తుకొచ్చి లేవదీశాడు.

"ప్రపంచానికంతా మోకాళ్ళు పంపిస్తున్నారు. నా నేలకి లేవా?" అంది.

ఆ మాట మేస్త్రి గుండెలో గుచ్చుకుంది. ఆ వారం శనివారం సెలవు పెట్టి పాత నేల పగలగొట్టాడు. చెత్త ఎత్తిపోసి, ఇసక పరిచి సరిచేశాడు. ఆదివారం పొద్దున్నే టీవీ దింపి, పెట్టెలు విప్పాడు. ప్యాంటు మాత్రం కంపెనీదే. మర్నాడే అప్పగించాల్సినది, పనిలో ఉండగా ఒంటిమీంచి తియ్యకూడదు.

ఎంత ఒడుపుగా పరిచాడని. చూడ్డానికి రెండు కళ్ళూ చాలలేదు. సందులు తీర్చినట్టు, వరస దారం కట్టినట్టు, సుత్తి టక్ టక్ మంటుంటే ఆవిడ గడపలో కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. భోజనాల వేళకి నేలంతా అయిపోయింది. మేస్త్రి నడుం నిమురుకుంటూ లేచాడు. ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి పోసింది.

నీళ్ళు తూముకి పోలేదు. గట్టు కిందికీ పోలేదు. టైల్స్ సందుల్లోంచి ఇంకి మాయమైపోయాయి. ఆవిడ ఒక అడుగు వేసింది. టైలు ఒక పక్కకి ఒరిగి, రెండో అంచు పైకి లేచింది. ఇంకో అడుగు వేస్తే ఇంకోటి లేచింది.

"సిమెంటేదీ?" అంది ఆవిడ.

ముందుగదిలో బస్తా విప్పకుండా అలాగే ఉంది. కూతురు ఫక్కున నవ్వింది. తండ్రి మొహం చూసి ఆపేసింది. మేస్త్రి తన చేతులకేసి చూసుకుంటూ ఉండిపోయాడు. నేల అంటే ఏమిటో ఆ చేతులు మరిచిపోయాయి. సిగ్గు కాదు, అతనికి భయం వేసింది. మంచం పట్టి లేచినవాడు మొదటిసారి నిలబడబోయి, కాళ్ళు తేలిపోతే పడేలాంటి భయం.

వెళ్ళి బస్తా విప్పాడు. ఎన్నాళ్ళ నుంచి చెమ్మ పీల్చిందో, లోపల సిమెంటు బండలా గడ్డకట్టుకుపోయి ఉంది. కొట్టు తెరిపించి కొత్త బస్తా భుజాన వేసుకొచ్చాడు. టైల్స్ అన్నీ ఎత్తేసి, ఇసక, సిమెంటు కలిపి, ప్యాంటుతోనే ఆ తడిలో మోకాళ్ళు దించాడు.

"ప్యాంటండీ" అంది ఆవిడ.

"పోనీ" అన్నాడు.

మళ్ళీ పరిచాడు. చెంప ఆనించి, కన్ను మూసి చూశాడు. "ఊఁ" అన్నాడు గానీ, అందులో పస లేదు. పచ్చి నేల మీద నీళ్ళు పోయనిచ్చే రకం కాదు అతను. ఆ రోజు ఆగే ఓపిక ఇద్దరికీ లేదు. ఆవిడ గడప దగ్గర కాలు పెట్టుకుని కాసిని నీళ్ళు ఒంపింది. నీళ్ళు నాలుగు టైల్స్ దాకా వెళ్ళి అక్కడ ఆలోచనలో పడ్డాయి. ఆవిడ పాదం చల్లగా ముందుకి జరిపి, వేళ్ళతో నీళ్ళని తూము వైపు నెట్టింది.

"పోతున్నాయి చూడండి. బ్రహ్మాండంగా పోతున్నాయి" అంది.

మేస్త్రి ఆవిడ మొహం చూడలేదు, పాదం చూశాడు. ఆవిడ తన కోసం అడిగింది ఒక్క నేలే, దానికీ ఇప్పుడు మొగుడి కోసం అబద్ధమాడుతోంది. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. ఒక్కొక్క టైలే మళ్ళీ లేపాడు.

ఈసారి సుత్తి తొందరపడలేదు. ప్రతి టైలుకీ అడుగున సిమెంటు ఎక్కువ తక్కువలు చేతివేళ్ళతో తడిమి చూశాడు. ప్రతి వరసకీ చెంప ఆనించాడు. చెవిలోకి, మీసంలోకి సిమెంటు పట్టింది. చాలాసేపు "ఊఁ" అనలేదు. పొద్దు వాలుతుండగా, చివరి వరస దగ్గర, తనకే తెలియకుండా అన్నాడు. ఆవిడ పాత పలకలు రెండూ గడప బయట వేసుకుని, వాటిమీద ఎక్కి నిలబడి, అక్కడినుంచి చెంబు వంచింది.

"ఇప్పుడు నా కాలు తగలదు" అంది.

నీళ్ళు బయల్దేరాయి. నాలుగు టైల్స్ దాటాయి. పొయ్యి గట్టుని చూసీ చూడనట్టు వదిలేసి, మెల్లగా, పాత అలవాటున్నట్టే, తూములోకి దిగిపోయాయి. ఆవిడ ఏడ్చింది. మేస్త్రి కూడా ఏడ్చాడు గానీ, మొహం నిండా సిమెంటు ఉండటంతో తెలియలేదు.

మర్నాడు ప్యాంటు అప్పగించడానికి తీసుకెళ్తే అది ఎవరూ పట్టుకోకుండానే తనంతట తను నిలబడింది. భూతద్దం దాని చుట్టూ ప్రదక్షిణ చేసి, మేస్త్రిని పనిలోంచి తీసేశాడు. ఆవిడ కూడా మానేసింది. టీవీ, తోమే యంత్రం వాయిదాలు కట్టలేక వెనక్కి పోయాయి. మేస్త్రి మళ్ళీ ఇంటింటికీ తిరిగి నేలలు వెయ్యడం మొదలుపెట్టాడు. మొదట రెండు మూడు ఇళ్ళల్లో చెయ్యి తడబడింది. తర్వాత కుదుటపడింది.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం భూతద్దం గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. వెంట ఒక మనిషి నెత్తిన అట్టపెట్టె, దాన్నిండా కొత్త ప్యాంట్లు.

"మేస్త్రి గారూ, ఆ నిలబడే ప్యాంటుంది చూశారూ, దాన్ని పారెయ్యలేక ఫొటో పంపించాను. దొరసాని పిచ్చెత్తిపోయింది. ఇప్పుడు అక్కడ సిమెంటే కావాలంటున్నారు. దురద పెడితేనే అసలైనదట."

"షెడ్డుకి రానండి."

"షెడ్డెందుకు? ఈ వంటిల్లే కావాలి. ఆ రోజు చేశానన్నారే, అలాగే, పీకి వేయడం, పీకి వేయడం. సామాను ఖర్చు మాది. నేలకి అద్దె కూడా ఇస్తాం."

అంటూ ఒక అంకె చెప్పాడు. అబద్ధమెందుకు, మేస్త్రి ఆ పెట్టెకేసి చూశాడు, తన మోకాళ్ళకేసి చూసుకున్నాడు, ఇంకో రెండు ఇళ్ళు కట్టుకోవచ్చని కూడా అనుకున్నాడు. లోపల ఆవిడ ఉత్త కాళ్ళతో నిలబడి గిన్నెలు కడుగుతోంది. కుళాయి చప్పుడు ఆగింది. వింటోందన్నమాట. ఆవిడ బయటికి రాలేదు. మిగిలిన నీళ్ళు తూములోకి జారుతున్న సన్నటి చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"సిమెంటు ఆరిపోయింది సార్" అన్నాడు మేస్త్రి. "ఇంక లేవదు."